తెల్ల చాక్లెట్ చాక్లెట్ కాదా?

ప్రశ్న: బెల్జియం నుంచి తెల్ల చాక్లెట్లు, చక్కెర లేని బిళ్లలు తెప్పిస్తున్నాను. అన్నిటికీ చాక్లెట్ కోడే వేయొచ్చా? – ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: వేయకండి. కస్టమ్స్ వారు పేరు చూడరు, పదార్థాల పట్టిక చూస్తారు. కోకో పొడి, కోకో ముద్ద ఉన్న చాక్లెట్ 1806లోకి వెళుతుంది. తెల్ల చాక్లెట్లో ఉండేది చక్కెర, పాలపొడి, కోకో వెన్న. ఈ లెక్కలో కోకో వెన్నను కోకోగా పరిగణించరు. అందుకే అది 1704లో, చక్కెర మిఠాయిల సరసన చేరుతుంది. ఇది చాలామందికి తెలియక బిల్ ఆఫ్ ఎంట్రీలో తప్పు పడుతుంది, సరుకు రేవులోనే ఆగిపోతుంది. వేసవిలో చాక్లెట్ ఆగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా!

చక్కెర బదులు సార్బిటాల్ వేసిన బిళ్లలు మాత్రం 2106 కిందికి వస్తాయి. వాటి సుంకం విడిగా చూసుకోండి.

1704, 1806 రెండింటికీ మూల సుంకం 30 శాతమే. రూ.100 విలువకు సుంకం రూ.30, దానిపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి రూ.3. ఆ రూ.133పై ఐజీఎస్టీ 5 శాతం (2025 సెప్టెంబరు 22కు ముందు చాక్లెట్‌పై ఇది 18), అంటే రూ.6.65. మొత్తం రూ.39.65. సుంకం ఒకటే కదా అని కోడ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. సందేహముంటే సరుకు ఓడెక్కకముందే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ తీసుకోండి.