కోటుకు పట్టీ కుట్టుకో

తెనాలి,
జనవరి మొదటివారం

చిన్నీ,

నువ్వు మీ అమ్మకు పెట్టిన పొడుగాటి మెసేజి మొన్న నాకు చదివి వినిపించింది. మీ కజాన్ కాలేజీ గార్డెరోబ్ దగ్గర, అదే కోట్లు అప్పగించే చోట, పెద్దావిడ అందరి ముందూ నీ మీద కేకలేసిందనీ, నీ కోటు తీసుకోకుండా బల్ల మీదే పడేసిందనీ, ఆ పూటంతా క్లాసులో ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నావనీ విన్నాను. ఆ మర్నాడే డాలస్ నుంచి మీ అన్నయ్య ఫోను. "ఆ రష్యాలో మనుషులకు నవ్వడం కూడా రాదు పెద్దమ్మా, దాన్ని వెనక్కి రప్పించండి" అన్నాడు. చదువు మానేసి వచ్చేస్తావన్న మాట అప్పుడే మీ పిన్ని చెవిదాకా పోయింది. అది నిజమో కాదో నువ్వే నాకు రాయాలి. నేను మాత్రం మీ అమ్మను ముందు ఒకటే అడిగాను: కోటు ఎందుకు పడేసిందట, పట్టీ తెగిందా అని. తెగిందట.

మీ అమ్మకు ఆ పట్టీ సంగతేమిటో అర్థం కాలేదు. తెనాలిలో కోటు వేసుకునేదెవరు! కోటు మెడ వెనక, లోపలివైపు, వేలెడు పొడుగున ఒక గుడ్డ పట్టీ ఉంటుంది. కొక్కేనికి కోటు వేలాడేది దాని మీదే. మన ఊళ్ళలో కొన్న కోటుకు ఆ పట్టీ పేరుకే ఉంటుంది. సన్నటి శాటిన్ ముక్క, అటో రెండు కుట్లు, ఇటో రెండు కుట్లు. మంచు కరిగి తడిసిన కోటు బరువు అదెక్కడ మోస్తుంది? పట్టీ లేని కోటును మెడ దగ్గర పట్టి కొక్కేనికి గుచ్చితే గుడ్డ చిరుగుతుంది. ఊరికే వేలాడదీస్తే జారి, బూట్ల నుంచి కారిన బురదనీళ్ళలో పడుతుంది. అప్పుడు మాటపడేది ఆవిడే. రోజూ వందలమంది పిల్లల కోట్లు ఆవిడ చేతుల మీదుగా లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రావాలి, అదీ పది నిమిషాల విరామంలో. నీ కోటు ఒక్కటి చేతికి అడ్డుపడితే వెనక వరస మొత్తం నిలిచిపోతుంది తల్లీ.

కాబట్టి ఇప్పుడు రాసేది శ్రద్ధగా చదువు. మీ అమ్మ కట్టే పార్సిల్లో బారెడు నాడా పెట్టించాను, నల్లది, గట్టిది. అందులోంచి జానెడులో సగం ముక్క కత్తిరించు. రెండు చివరలూ లోపలికి మడువు. లైనింగు గుడ్డకు కుట్టావంటే వారానికి మళ్ళీ ఊడుతుంది. సూది లైనింగు దాటి మెడ దగ్గరి మందపాటి గుడ్డలోకి దిగాలి. దారం రెండు పేటలు వెయ్యి. ఒక్కో చివర చదరంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా మళ్ళీ కుట్టు. పట్టీ మరీ బిగుతుగా ఉండకూడదు, లోపల రెండు వేళ్ళు దూరాలి. ముడి వేశాక పట్టీ పట్టుకుని కోటును గట్టిగా ఒకసారి గుంజి చూడు. ఈ పెద్ద కోటుకొక్కదానికే కుట్టి ఊరుకోకు. వసంతంలో వేసుకునే పల్చటి కోటుకూ, ప్రాక్టికల్స్‌కు వేసుకునే తెల్లకోటుకూ, వంటగది తువ్వాలుకూ కుట్టుకో. గదిలో నీతో ఉండే పిల్లల కోట్లు కూడా ఒకసారి తిరగేసి చూడు. నల్గొండ పిల్లకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదన్నావుగా, దానిదీ నువ్వే కుట్టిపెట్టు.

ఇంత చిన్నదానికి ఇంత రాయాలా అనుకోకు. అక్కడ బయటి కోటుతో లోపలి గదుల్లోకి వెళ్ళడమంటే ఆ చోటును లెక్కచేయకపోవడమే. నాటకశాలైనా, గ్రంథాలయమైనా, పాలీక్లినిక్ అయినా గుమ్మం దాటగానే గార్డెరోబ్. కోటిచ్చి నంబరు బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ మాత్రం పోగొట్టుకోకు నాన్నా. పోతే అందరి కోట్లూ వెళ్ళిపోయి నీది ఒక్కటే మిగిలేదాకా నిలబెడతారు. మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపకుల్లో ఒకడైన స్తానిస్లావ్‌స్కీ 1933లో తన థియేటర్ గార్డెరోబ్ పనివాళ్ళకు ఒక ఉత్తరం రాశాడు. ప్రేక్షకుడు గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే మా ప్రదర్శన మొదలవుతుంది, అతణ్ణి మొట్టమొదట కలిసేది మీరే అన్నది దాని సారాంశం. అంతటివాడు కోట్లు అందుకునేవాళ్ళను తన నటులతో పాటు లెక్కలో వేసుకున్నాడు. నీ మీద కేకలేసిన ఆవిడ కూడా తన పనిని అలాగే అనుకుంటుంది.

నేనూ మాస్కోలో చదువుకున్నదాన్నే, ఆ సంగతి మీ తాతయ్య నోట వినే ఉంటావు. అక్కడి లుముంబా విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాదంతా రష్యన్ భాషకే పోయింది. తర్వాత ప్రాక్టీసుకు ఒక ఆసుపత్రికి పంపేవాళ్ళు. ఆ ఆసుపత్రి గార్డెరోబ్‌లో తలగుడ్డ కట్టుకుని ఒక పెద్దావిడ కూర్చునేది. నేను టోపీ లేకుండా వచ్చానని ఒకరోజు అంతెత్తున లేచింది. మీ అమ్మ నిన్ను ఇంత దూరం పంపింది చెవులు పోగొట్టుకోవడానికా అని అరిచింది. సాయంత్రం కోటు తీసుకోబోతే మెడ దగ్గర కొత్త పట్టీ ఉంది. నల్ల కోటుకు ఎర్ర దారంతో కుట్టింది. ఎవరు కుట్టారని అడిగితే మొహం చిట్లించి, నల్ల దారం అయిపోయింది, ఏంచెయ్యమంటావు అంది. ఆ కోటు ఇప్పటికీ మీ అమ్మమ్మ ఇనప్పెట్టెలో కలరా ఉండల మధ్య ఉంది. ఈసారి వచ్చినప్పుడు తీసి చూడు, ఆ ఎర్ర కుట్లు ఒక్కటీ వదల్లేదు.

తర్వాత ఆవిడ తన ఇంటికి పిలిచింది. ఒకే గది. చిన్న కుండలో చిక్కటి టీ డికాక్షను కాచి, కప్పుల్లో కొంచెం కొంచెం పోసి వేడినీళ్ళు కలిపింది. చిన్న పళ్ళెంలో నల్లద్రాక్షలాంటి పండ్ల జామ్. చెంచాతో జామ్ తింటూ టీ తాగడం నేను నేర్చుకున్నది అక్కడే. కిటికీ రెండు అద్దాల మధ్య సందులో, కిందా పైనా, ఎక్కడ చూసినా సీసాలే: దోసకాయలు, టమాటాలు, పుట్టగొడుగులు. మన ఇళ్ళలో ఆవకాయ జాడీలు ఎలాగో అక్కడ అవి అలాగ. ఊరి బయట వాళ్ళకు ఆరు వందల చదరపు మీటర్ల తోట ముక్క ఉండేది. మే నెలలో బంగాళాదుంపలు నాటడానికి నన్నూ లాక్కుపోయింది.

ఒకరోజు వాళ్ళింట్లో నేను రొట్టె అంచు తినకుండా పళ్ళెంలో వదిలేశాను. ఆవిడేమీ అనలేదు. ఆ ముక్క తీసి గుడ్డలో చుట్టి అలమరలో పెట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆవిడ లెనిన్‌గ్రాడ్‌లో ఉందట. 1941 నవంబరు, డిసెంబరుల్లో జర్మన్ల ముట్టడిలో పిల్లలకూ పనిలేనివాళ్ళకూ రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చేవారు. అందులో కూడా పిండి సగమే. ఆ రోజు నుంచి నా ఇంట్లో రొట్టె గానీ అన్నం గానీ పారేయడం నువ్వు చూశావా? మీ హాస్టల్ చెత్తబుట్టల్లో రొట్టె కనబడకూడదు. బాబుష్కా, అదే అక్కడి ముసలమ్మ, ఎవరైనా చూస్తే కోటు పట్టీకి పడిన తిట్లు ఏమూలకూ రావు.

ఇక నవ్వు సంగతి. నవ్వరన్నది నిజమే. 1947లో జాన్ స్టైన్‌బెక్ అనే అమెరికన్ రచయిత, రాబర్ట్ కాపా అనే ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని ఆ దేశం తిరిగి, మరుసటి ఏడాది పుస్తకం వేశాడు. మాస్కో వీధుల్లో నవ్వు అరుదనీ, జనం తలలు వంచుకుని గబగబా పోతారనీ ఆయనా రాశాడు. మీ అన్నయ్య చెప్పింది ఆయన అప్పుడే చెప్పేశాడు. కానీ ఆయన మాస్కోతో ఆపలేదు, స్తాలిన్‌గ్రాడ్‌ దాకా వెళ్ళాడు. ఇప్పుడది వోల్గోగ్రాడ్. మీ కజాన్‌ను ఒరుసుకుని పారే వోల్గాయే దిగువన ఆ ఊరికీ పోతుంది. అప్పటికి యుద్ధంలో కూలిపోయి ఊరంతా ఇటుకల గుట్ట. ఆ గుట్టల కింది నేలమాళిగల్లోంచి ఆడపిల్లలు తల దువ్వుకుని, ఉతికిన బట్టలు వేసుకుని పనికి బయల్దేరడం హోటల్ కిటికీలోంచి చూశాడు. అలా ఉండటం ఎలా సాధ్యమో ఆయనకు అంతుపట్టలేదు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు మా గార్డెరోబ్ ఆవిడ మొహం గుర్తొస్తుంది. ఆ ఆడపిల్లలది ఆవిడ ఈడే. వాళ్ళ చేతుల్లో పెరిగిన ఆడవాళ్ళే ఇప్పుడు నీ కోటు అందుకుంటున్నారు. బట్ట సరిగా ఉంచుకోవడం, బొత్తాం ఊడకుండా చూసుకోవడం వాళ్ళకు పరువు. నీ పట్టీ గురించి తిట్టిందంటే నిన్ను కూడా ఆ పరువులో కలుపుకుంది.

మీ అన్నయ్యకు అమెరికాలో కొట్లో మనిషి నవ్వుతూ పలకరిస్తే హాయిగా ఉంటుంది. ఉండనీ, అక్కడి పద్ధతి అది. రష్యాలో మాత్రం తెలియని మనిషిని చూసి ఊరికే నవ్వితే, వీడికేం కావాలా అని చూస్తారు. నా రోజుల్లో మెట్రోలో రాయిలా కూర్చున్న మనిషి నేను ఇండియా అనగానే రాజ్ కపూర్ అంటూ ఒక్కసారిగా విచ్చుకునేవాడు. ఆయన సినిమా 'ఆవారా' అక్కడ 1954లో విడుదలై ఇరవై ఏళ్ళు గడిచినా ఆ పాటల రాగం వాళ్ళ నోట ఉండేది. వాళ్ళను పలకరించాలంటే ఏదైనా పని మీద పలకరించు. దుకాణం వరసలో చివర ఎవరున్నారని అడుగు. గార్డెరోబ్ ఆవిడకు కోటు ఇచ్చేటప్పుడు పేరు, తండ్రి పేరు కలిపి పిలిచి నమస్కారం చెప్పు. పేరు తెలియకపోతే సిగ్గుపడకుండా అడుగు. నీ గొంతు చాలా మెల్లగా ఉంటుంది బంగారూ, చిన్నప్పుడు పద్యం చెప్పమంటే మీ నాన్న వెనక దాక్కునేదానివి. అక్కడ కొంచెం గట్టిగా మాట్లాడాలి.

ఇంకో మాట మీ అమ్మ నెమ్మదిగా చెప్పింది. మీ క్లాసు తాతార్ అమ్మాయి కొత్త సంవత్సరానికి ఇంటికి రమ్మంటే తలనొప్పని తప్పించుకున్నావట. హాస్టల్లో మనవాళ్ళతో కూర్చుని మెస్ అన్నం తిన్నావట. ఏమే, ఆ పిల్ల వాళ్ళమ్మ నీకోసం ఎంత వండి ఉంటుంది! ఇప్పటికైనా మించిపోలేదు. 13 రాత్రి వాళ్ళకు పాత లెక్క ప్రకారం ఇంకో కొత్త సంవత్సరం ఉంది. 1918లో క్యాలెండరు మార్చినప్పటి నుంచీ రెండూ చేసుకుంటున్నారు. నువ్వే ఫోన్ చేసి వస్తానను. ఉత్త చేతులతో వెళ్ళకు. పువ్వులు తీసుకెళ్తే మూడో ఐదో తీసుకెళ్ళు, సరి సంఖ్య చావింటికి. గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకు, లోపలికి అడుగుపెట్టాకే ఇవ్వు. బూట్లు విప్పగానే చెప్పులు ఇస్తారు, వేసుకో. బల్ల మూలన కూర్చోకు, మూలన కూర్చున్న పిల్లకు పెళ్ళి కాదంటారు. నీకేం నమ్మకం లేకపోయినా వాళ్ళమ్మ మనసు చివుక్కుమంటుంది. వాళ్ళింట్లో టీలో పాలు పోస్తారు, మనలాగే. నీకు ప్రాణం లేచొస్తుంది. తేనెపాకంలో కట్టిన చక్-చక్ పెడతారు, తిను. గుర్రం మాంసం సాసేజి కూడా ఉండొచ్చు. వద్దనుకుంటే ముక్కు మూసుకోకుండా మర్యాదగా వద్దను. ఆ పిల్ల పుట్టినరోజు ఫలానా రోజని తెలిస్తే ముందురోజే శుభాకాంక్షలు చెప్పెయ్యకు, అది అపశకునం వాళ్ళకు.

మాస్కోలో నేను చదువు ముగించి బయల్దేరిన రోజున, నాకు పట్టీ కుట్టిన ఆవిడ నా గదికి వచ్చి, పెట్టెలన్నీ సర్దాక నన్ను పెట్టె మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. ఎవ్వరం మాట్లాడలేదు. ప్రయాణానికి ముందు అలా కాసేపు కూర్చోవడం వాళ్ళ ఆచారం. తర్వాత చటుక్కున లేచి, కోటు మెడ తిప్పి పట్టీ ఒకసారి గుంజి చూసి, పద అంది. మళ్ళీ ఆవిణ్ణి చూడలేదు నేను.

ఇక కొన్ని జాగ్రత్తలు. ఇంటి పైకప్పుల అంచునుంచి వేలాడే మంచుగడ్డల కింద నడవకు, తాడు కట్టి దారి మూసిన చోట ఎదుటి పేవ్‌మెంటు ఎక్కు. పగలు ఏడు గంటలు దాటీ దాటని ఈ రోజుల్లో మధ్యాహ్నం ఒక్కసారైనా బయట తిరుగు. గదిలో హీటరు మండిపోతుంటే కిటికీ పై చిన్నరెక్క తీసి పెట్టుకో. ఉక్రెయిన్ యుద్ధం గురించి మీ నాన్న రోజూ టీవీ ముందు కూర్చుని నీరసపడుతున్నాడు, ఎంబసీ వాళ్ళు ఏం చెబితే అది చెయ్యి. మీ హాస్టల్ మగపిల్లలకు కూడా నా మాటగా చెప్పు: డబ్బు ఎంత ఆశ చూపినా, అర్థం కాని రష్యన్ కాగితం మీద సంతకం పెట్టొద్దని.

పరీక్షలు నోటి మీదే కాబట్టి అనాటమీ లాటిన్ పేర్లు మనసులో చదువుకోకు, గోడకు వినబడేలా చదువు. చీటీ తియ్యగానే కంగారుపడకు, ఆలోచించుకోవడానికి టైమిస్తారు. నువ్వు పాసవుతావు, నాకు అనుమానం లేదు. వచ్చేస్తానన్న మాట ఉంటే పరీక్షలయ్యాక నాకు రాయి, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. నిన్నెవ్వరూ బలవంతపెట్టరు.

పట్టీ కుట్టాక ఫొటో తీసి పంపు, లైనింగు వైపునుంచి తియ్యి, కుట్లు కనబడాలి. ఆ తాతార్ పిల్ల వాళ్ళమ్మ పేరు తండ్రి పేరుతో సహా కనుక్కుని రాయి. ఆవిడకు మంగళగిరి చేనేత శాలువా ఒకటి పంపాలనుంది, ఏ రంగు ఇష్టమో తెలివిగా అడిగి చెప్పు.

నీ
పెద్దమ్మ