రాగి పైపు, మొదటి లీకు

చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వు, "బేస్‌మెంట్ సీలింగులో చిన్న మరక పెద్దమ్మా. ప్లంబర్ వచ్చి పైపు ముక్క మార్చి వెళ్ళాడు, అయిపోయింది" అన్నావు. ఆ "అయిపోయింది" అన్న మాటకే రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ ఇల్లు 1967లో కట్టింది. గోడల్లో ఉన్న రాగి పైపులూ అప్పటివే. వాటికి మీ నాన్న వయసుంటుంది.

మేమూ మొదటి లీకుకు అలాగే అనుకున్నాం. 2001 చలికాలం, అర్ధరాత్రి వంటింటి గోడలోంచి సుయ్‌మని సన్నటి చప్పుడు. ఫ్రిజ్‌దేమో అనుకుని పడుకున్నాం. తెల్లారాక చూస్తే సింకు కింద చెక్క ఉబ్బి ఉంది. ముక్క మార్పించాం. నాలుగు నెలలకు అదే లైన్లో రెండోది, ఆరు వారాలకు మూడోది. మూడోది కనిపించేసరికి బియ్యం డబ్బా పెట్టే మూల నేలంతా కుళ్ళిపోయింది. ఇన్సూరెన్సు వాళ్ళు పైసా ఇవ్వలేదు. పైపు ఠక్కున పగిలి ఇల్లు మునిగితే మామూలుగా ఇస్తారు కానీ, నెలల తరబడి చెమ్మగిల్లుతూ పాడుచేసిన దానికి చాలా పాలసీలు ఇవ్వవు. నీ పాలసీలో ఆ పేరా ఈ రోజే చదువు.

మూడోసారి కోసిన ముక్కను నేను అడిగి తీసుకున్నాను. నిలువుగా చీల్పించి చూశాను. పైన కందిగింజంత పచ్చ చిలుము. లోపల, సరిగ్గా దాని వెనకాల, ఆవగింజంత నీలిపచ్చ కురుపు. సూదితో గీకితే రాలిపోయి కింద గుంట బయటపడింది. కిటికీ వైపు పెట్టి చూస్తే సూది మొనంత వెలుతురు. దాని చుట్టూ పైపు మాత్రం నున్నగా, గట్టిగా ఉంది! పైపు అంతటా సమానంగా అరిగి ఉంటే చేత్తో పట్టుకుంటేనే తెలిసేది. ఇది అక్కడొకటి ఇక్కడొకటి లోపల్నించి బయటికి తొలుచుకొస్తుంది. ఆ ముక్కలోనే ఇంకా బయటికి రాని గుంటలు రెండు కనిపించాయి. అప్పుడు అర్థమైంది, మేం మార్పిస్తూ వచ్చింది లీకునే గాని లైనును కాదని.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఆ రోజుల్లో వాషింగ్టన్ చుట్టుపక్కల మేరీలాండ్ శివార్లలో వేల ఇళ్ళలో ఇవే సూదిబెజ్జాలు. ఎక్కువగా 1970కి ముందు కట్టిన ఇళ్ళు, అడ్డంగా పరిచిన చన్నీళ్ళ లైన్లు. 2003 చివర నుంచి సరఫరా నీళ్ళలో ఆర్థోఫాస్ఫేట్ కలపడం మొదలుపెట్టారు, పైపు లోపల పలచటి పొర కట్టి రాగిని కాపాడాలని. మీ అమ్మమ్మ రాగి బిందెను చింతపండుతో తోమి తళతళలాడించేది. పైపు లోపల దానికి వ్యతిరేకం. రాగి మీద సహజంగా పట్టే పొరే దానికి కవచం. ఆ పొర చెదిరిన చోట గుంట మొదలవుతుంది. అతుకు పెట్టినప్పుడు పూసిన ఫ్లక్స్ లోపల మిగిలినా అంతే. వేన్నీళ్ళ లైన్లో నీళ్ళు జోరుగా మలుపు తిరిగే చోటా అంతే.

అందుకని నీ ప్లంబర్ కోసిన ముక్క చెత్తలో ఉంటే ముందు అది తీసి దాచు. బేస్‌మెంటులో పైపుల మీద అక్షరాలు చెరగకుండా ఉంటే చూడు. ఎరుపైతే ఎమ్ రకం, అర అంగుళం పైపులో దాని మందం 0.7 మిల్లీమీటర్లే. నీలమైతే ఎల్, ఒక మిల్లీమీటరు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి మీటరు దగ్గరికి వెళ్ళు. అందులోని చిన్న ముక్కోణపు చక్రం కదులుతోందంటే ఎక్కడో నీళ్ళు పోతున్నట్టే. నీళ్ళ ప్రెజర్ 80 పీఎస్‌ఐ దాటితే రెగ్యులేటరు పెట్టించాలి.

అన్నిటికంటే ముందు మెయిన్ వాల్వు. మీది గుండ్రటి చక్రమున్న పాత గేట్ వాల్వు అయివుంటుంది. ఏళ్ళ తరబడి తిప్పకపోతే బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే విరుగుతుంది. పావు తిప్పుతో ఆగిపోయే బాల్ వాల్వు పెట్టించు. అది ఎక్కడుందో ఇంట్లో వాళ్ళకు కూడా చూపించు. లీకు వచ్చేది నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడే కావచ్చు.

ఇదే లైన్లో రెండో లీకు వస్తే మళ్ళీ ముక్కకు డబ్బు పెట్టకు, లైను మొత్తం మార్పించు. పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు వేయించినా తప్పులేదు. అయితే ఒకటి. పాత ఇళ్ళలో కరెంటు ఎర్తింగు ఈ రాగి పైపుకే కట్టి ఉంటుంది. మధ్యలో ప్లాస్టిక్ వస్తే ఆ దారి తెగిపోతుంది. ఎలక్ట్రీషియన్ చూడకుండా పని మొదలుపెట్టనివ్వకు. ఈ మాట చెప్పే ప్లంబర్లు తక్కువ.

చంటిపిల్ల ఉంది కాబట్టి ఇదీ చెప్పాలి. అమెరికాలో సీసం టంకాన్ని నిషేధించింది 1986లో. మీ అతుకులు దానికి ముందువి. రాత్రంతా నిలిచిన నీళ్ళు పొద్దున్నే పాపకు పట్టకు, చల్లగా వచ్చేదాకా వదిలేయి. నీళ్ళు పరీక్ష చేయించు. పప్పు తొందరగా ఉడుకుతుందని వేన్నీళ్ళ కుళాయి నీళ్ళు కుక్కర్లో పోయకండి, వేన్నీళ్ళలో సీసం ఎక్కువ దిగుతుంది.

సంక్రాంతికి మీరు ఇండియా వెళ్ళే రోజు మెయిన్ కట్టేసి, కింది కుళాయి ఒకటి తెరిచి నీళ్ళు దిగనివ్వండి. ఇంటి హీటింగు మాత్రం పూర్తిగా ఆర్పకండి, పైపులు గడ్డకడతాయి.

శనివారం ప్రెజర్ గేజ్ తీసుకుని వస్తున్నాను. ఆ ముక్క నేను చూడాలి, పారేయకు.

మీ పెద్దమ్మ