వేళ్ల నిష్పత్తి, ఆటిజం: ఆనవాలే తప్ప పరీక్ష కాదు

చూపుడు వేలి పొడవును ఉంగరపు వేలి పొడవుతో భాగిస్తే వచ్చేదే 2డి:4డి నిష్పత్తి. అరచేతి వైపు, వేలి మొదట్లోని గీత నుంచి కొస దాకా కొలుస్తారు. 69, 72 మిల్లీమీటర్లుంటే సుమారు 0.96. మగవారిలో ఇది సగటున కాస్త తక్కువ. గర్భంలో టెస్టోస్టిరాన్ హార్మోన్ ప్రభావమే కారణమని పరిశోధకుడు జాన్ మానింగ్ వాదన. 2001లో ఆయన, ఆటిజం పరిశోధకుడు సైమన్ బారన్-కోహెన్ తదితరులు ఆటిజం ఉన్న పిల్లల్లో నిష్పత్తి ఇంకా తక్కువని ప్రకటించారు.

అలాగని స్కేలు పెట్టి పిల్లాడి సంగతి తేల్చేద్దామా? కుదరదు. తేడా గుంపుల సగటుల్లోది. ఆటిజం లేని అబ్బాయిల్లోనూ అవే కొలతలు బోలెడు. పైగా వేళ్ల పొడవులో జన్యువుల పాత్రా ఉంది. మరి కొలత దండగేనా అంటే, అదీ కాదు: పుట్టకముందటి హార్మోన్లను నేరుగా కొలవడం కష్టం గనక పరిశోధకులకు ఇదో పరోక్ష ఆనవాలు, అదీ బలహీనమైనదే. నిర్ధారణకు వైద్యులు చూసేది ప్రవర్తననూ, పలకరిస్తే పిల్లాడు స్పందించే తీరునూ.