వన్ టౌన్ అద్దెదారుకు న్యాయ సలహా: ముందు రసీదు అడగండి

విశాఖపట్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో పాతికేళ్లుగా అద్దెకుంటున్న ఒకావిడ అడిగారు: "మా అబ్బాయి ఓడ మీద పనిచేస్తాడండీ. ఫ్రాన్సులో ఇల్లు లేనివాళ్లు దరఖాస్తు పెడితే సర్కారు ఇల్లు చూపించాల్సిందేనట. చూపించకపోతే కోర్టుకెళ్లొచ్చట. ఆ దరఖాస్తు మన దగ్గర ఎక్కడ పెట్టాలి?"

ఎక్కడా లేదమ్మా. మన దేశంలో అలాంటి చట్టం రాలేదు. అబ్బాయి చెప్పింది మాత్రం నిజమే. 2006 డిసెంబరులో పారిస్‌లో ఒక కాలువ గట్టున వరసగా గుడారాలు వేసి, ఇల్లు లేనివాళ్ల బాధ ఊరందరికీ కనపడేలా చేశారు. మూడు నెలలు తిరక్కముందే, 2007 మార్చి 5న చట్టం వచ్చింది. ఖాళీ చేయమన్న తీర్పు నెత్తిన ఉన్నవాళ్లు, మనిషి ఉండటానికి పనికిరాని కొంపలో ఉన్నవాళ్లు ముందు ఒక కమిషన్‌కు అర్జీ పెట్టాలి. వాళ్లది అత్యవసరమని కమిషన్ ఒప్పుకున్నాక కూడా గడువులోగా ఇల్లు చూపించకపోతే ప్రభుత్వం మీద కోర్టుకెళ్లొచ్చు. అక్కడా పారిస్ లాంటి చోట్ల ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వాళ్లున్నారనుకోండి.

మనకు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఉంది. అదిచ్చే బతికే హక్కులో తలదాచుకునే గూడు కూడా భాగమేనని సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పింది. 2024 నవంబరు 13న బుల్‌డోజర్ల కేసులో, కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వకుండా ఇల్లు కూల్చకూడదని తీర్పిచ్చింది. ఇవి గొప్ప తీర్పులే. అయితే అవి పట్టుకెళ్లి "నాకు ఇల్లివ్వండి" అంటే ఏ కౌంటర్లోనూ ఇవ్వరు.

ఇల్లు కావాలంటే పథకానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇప్పుడున్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత. కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. బాగా పేదల కోటాకు ఏడాది ఆదాయం 3 లక్షలు దాటకూడదు. వార్డు సచివాలయంలో అడగండి, అర్జీ ఇస్తే నంబరు తీసుకోండి. ఏ సంగతీ తేల్చకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కమాట, స్థలం ఎక్కడొస్తుందో కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో నగరంలోని పేదలకు పట్టాలిచ్చిన పైడివాడ అగ్రహారం సబ్బవరం మండలంలో ఉంది. తెల్లారకముందే చేపల రేవులో ఉండాల్సిన మనిషికి అక్కణ్ణుంచి రోజూ రావడమంటే మాటలా?

అందుకని ఇప్పుడు ఉంటున్న అద్దె గది సంగతే ఎక్కువ చెప్తాను. కోర్టులో నిలబడే హక్కు మీకు అసలు ఉన్నది అక్కడే.

ఆవిణ్ణి అద్దె రసీదులు చూపించమంటే గోడ మీంచి క్యాలెండర్ తీసి ఇచ్చారు. ప్రతి నెలా ఐదో తారీకు మీద ఇంటాయన పెన్నుతో పెట్టిన టిక్కు. సంతకం లేదు, ఎంతిచ్చారో లేదు. సంవత్సరం మారితే ఆ క్యాలెండర్ అల్మారాలో పేపరు కింద పరుస్తారు. వన్ టౌన్‌లో సగం అద్దెలు ఇలాగే నడుస్తాయని నా అనుమానం. ఇంటాయన మంచివాడైనన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఆయన పోయి కొడుకుల చేతికొచ్చిన రోజున ఆ టిక్కు ఎందుకూ కొరగాదు.

అద్దె ఫోన్లో పంపండి, "ఇంటద్దె, ఫలానా నెల" అని రాయండి. చేతికిస్తే పుస్తకంలో సంతకం పెట్టించుకోండి. మిమ్మల్ని బాకీదారుగా చూపించాలని అద్దె తీసుకోవడం మానేస్తే ఊరుకోకండి. మనియార్డరు చేసి, తిరిగొచ్చిన కాగితం దాచండి, వెంటనే లాయర్ని కలవండి. అద్దె ఎగ్గొట్టినవాడు కోర్టులో నిలబడటం కష్టం.

రాతకోతలు లేని నెలవారీ అద్దెకైనా ఖాళీ చేయమనాలంటే రాతపూర్వకంగా 15 రోజుల నోటీసివ్వాలి. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ అది. నోటీసు గడువు అయిపోయినంత మాత్రాన సామాన్లు వీధిలో పడేసే అధికారం ఎవరికీ రాదు, కోర్టు ఉత్తర్వు ఉండాలి. కుళాయి కట్టేయడం, కరెంటు పీకేయడం, మీరు గుడికెళ్లినప్పుడు తాళం మార్చేయడం, ఇవేవీ చెల్లవు. బలవంతంగా గెంటేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయండి. ఇల్లెవరిదన్నది అందులో చూడరు, మిమ్మల్ని చట్టప్రకారం పంపారా లేదా అన్నదే చూస్తారు. పోలీస్ స్టేషన్లో "ఇది సివిల్ మేటర్" అంటారు. బాకీ విషయంలో నిజమే. తాళం పగలగొట్టి బెదిరిస్తే మాత్రం 112కి ఫోన్ చేయండి.

ఇక గోడల సంగతి. 2023 మార్చిలో కలెక్టరేట్ దగ్గర రామజోగిపేటలో మూడంతస్తుల భవనం కూలి ముగ్గురు పోయారు. వన్ టౌన్‌లో అంతకంటే పాతవి ఎన్నో. పెచ్చులు ఊడుతుంటే ఫొటో తీసి ఇంటాయనకు రాతపూర్వకంగా చెప్పండి, నకలు నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఇవ్వండి. కప్పు కూలేలా ఉంటే మాత్రం హక్కుల మాట తర్వాత, ముందు పిల్లల్ని బయటకు తీసుకురండి.

1960 అద్దె చట్టమా, రాష్ట్రం 2017లో చేసిన కొత్త చట్టమా, మీ కేసు దేని కిందకొస్తుందో లాయరు చూస్తారు. ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు అల్మారాలో పరిచిన ఆ పాత క్యాలెండర్లు కూడా పట్టుకెళ్లండమ్మా, ఏమీ లేనిదానికంటే నయం.