తెల్లారేసరికి కుంగిపోతున్న ఎస్-క్లాస్

ప్రశ్న: మా 2003 మెర్సిడెస్ ఎస్-క్లాస్ రాత్రి నిలిపితే తెల్లారేసరికి ముందు ఎడమవైపు కుంగిపోతోంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే మళ్లీ లేస్తుంది. మెకానిక్ కంప్రెసర్ మార్చాలంటున్నాడు. ముందుగా నేనేమైనా చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తొందరపడకండి. ఇంజిన్ వేయగానే బండి లేస్తోందంటే కంప్రెసర్ పనిచేస్తున్నట్టే. ఈ డబ్ల్యూ220 మోడల్‌కి ఎయిర్‌మాటిక్ సస్పెన్షన్. అంటే స్ప్రింగుల బదులు గాలి స్ట్రట్లు. ఒక్క మూలే దిగుతోందంటే ముందు ఆ స్ట్రట్‌నీ, దానికెళ్లే గొట్టాన్నీ అనుమానించాలి. స్ట్రట్లకు గాలిని పంచే వాల్వ్ బ్లాక్ వంతు ఆ తర్వాతే.

బండి పూర్తిగా లేచాక బానెట్ తెరిచి, స్ట్రట్ పైన గొట్టం బిగించిన చోట సబ్బు నీళ్లు చల్లండి. సైకిల్ ట్యూబ్ పంక్చర్ చూసినట్టే, బుడగలొస్తే దొంగ దొరికినట్టు. అక్కడ రాకపోతే స్ట్రట్ రబ్బరు సంచిలో పగుళ్లు ఉండొచ్చు. దాన్ని చూడ్డానికి చక్రం విప్పాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టండి. గాలి పోతే బండి ఒక్కసారిగా దిగుతుంది. అందుకే ఫెండర్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

లీకు వదిలేస్తే కంప్రెసర్ అస్తమానం తిరిగి నిజంగానే కాలిపోతుంది. ఎప్పుడు మార్చినా దాని రిలే కూడా కొత్తది వేయించండి, చవకే. స్ట్రట్ మార్పిడి మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. ముందు గాలి ఒత్తిడి తీసేయాలి, బిగించాక స్కానర్‌తో ఎత్తు సరిచూడాలి. ఎయిర్ సస్పెన్షన్ తెలిసినవాళ్లకే అప్పగించండి.