కీళ్లవాతమును తొలిదశలోనే గుర్తించుట: అల్ట్రాసౌండ్ పరీక్ష

భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య 1955లో కుదిరిన ఒడంబడిక ననుసరించి భిలాయి ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రాజేంద్రప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఉపాధికై వచ్చిన తెలుగు కుటుంబము లనేకము రిసాలియందును, ఇతర సెక్టారులయందును స్థిరపడినవి. కాయకష్టము నిత్యకృత్యమైన ఇట్టి చోట వ్రేళ్లు నొచ్చినచో “పని అలసట” యని సరిపెట్టుకొనుట సహజము. కాని ఆ నొప్పి ఒక్కొక్కప్పుడు రుమటాయిడ్ కీళ్లవాతమునకు ఆరంభము కావచ్చును.

వ్యాధి స్వభావము

శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే కీళ్లలోని పలుచని పొరపై దాడి చేయుటవలన ఈ వ్యాధి కలుగును. పొర వాచి, దళసరియై, క్రమముగా మృదులాస్థిని, ఎముకను తినివేయును. వార్ధక్యమున కీళ్లు అరుగుట వేరు, ఇది వేరు. ఇది ఏ వయస్సునందైనను రావచ్చును. పురుషులలోకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము.

గమనింపవలసిన గుర్తులు

ఉదయమున కీళ్లు బిగుసుకొని అరగంటకు పైగా వదలకుండుట. చేతివ్రేళ్ల మొదళ్లు, మణికట్లు, కాలివ్రేళ్ల మొదళ్లు వాచుట. తడిబట్టలు పిండుటకు, తాళము త్రిప్పుటకు పట్టు చాలకుండుట.

అల్ట్రాసౌండ్ చేయు మేలు

అల్ట్రాసౌండ్ అనగానే పలువురికి గర్భిణీస్త్రీల పరీక్షయే తోచును. కీళ్లకును అది ఉపయోగించును. ఎక్స్‌రే ముఖ్యముగా ఎముకను చూపును. కనుక తొలి మాసములలో వ్యాధి యున్నను అందు దోషము కనబడకపోవచ్చును. అల్ట్రాసౌండ్ యంత్రము చెవికి వినబడని ధ్వనితరంగములను పంపి, వాని ప్రతిధ్వనులను చిత్రముగా మార్చును. దళసరియైన పొర, చేరిన నీరు, ఎముక అంచున ఏర్పడిన చిన్న గుంటలు అందు కానవచ్చును. పవర్ డాప్లర్ అను పద్ధతి వాచిన పొరలోని రక్తప్రసరణను రంగులలో చూపును. చర్మముపై జెల్లు పూసి చిన్న సాధనమును ఆనించెదరు. సూది లేదు, ఎక్స్‌రే కిరణములును లేవు.

అయినను చిత్రమొక్కటే వ్యాధిని నిర్ణయింపజాలదు. ఆరోగ్యవంతుల కీళ్లలోను స్వల్ప మార్పులు కనబడవచ్చును. పరీక్షించువారి నైపుణ్యమును బట్టి ఫలితము మారవచ్చును. కావున వైద్యుడు కీళ్లను స్వయముగా పరీక్షించి, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అను రక్తపరీక్షల ఫలితములతో కలిపి నిర్ణయించును.

కాలవిలంబము తగదు

కీళ్లు వాచిన ఆరు వారములలో నిపుణుని చూడవలెననియు, అవసరమైనవారికి మూడు మాసములలో చికిత్స ఆరంభింపవలెననియు ఐరోపా వాతవ్యాధి నిపుణుల సంఘము సూచించినది. నొప్పి మాత్రలు బాధను తగ్గించునే గాని ఎముకల నష్టమును ఆపవు. ఆ పనికి మెథోట్రెక్సేట్ వంటి మందులు కలవు. మెథోట్రెక్సేట్ ఈ వ్యాధికి వారమునకు ఒక్కమారే వాడదగినది; ప్రతిదినము మ్రింగుట ప్రాణాపాయము. గర్భిణులు దానిని వాడరాదు.

వంగిపోయిన వ్రేళ్లను మందులు తిరిగి చక్కదిద్దజాలవు, వంగకుండ కాపాడగలవు. కావున వాపు కనబడిన రిసాలివాసులు సెక్టారు 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రిలోనో, మరియొక వైద్యశాలలోనో వైద్యుని సంప్రదించి, కీళ్ల అల్ట్రాసౌండ్ అవసరమా యని అడిగి తెలిసికొనవలెను.