జాతరకు పోదాం - దారిలో ఎక్కడ ఆగుదాం?

జనగామ దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. ఈసారి అందరూ కలిసి మేడారం పోదామనుకున్నారు.

మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది. మాఘమాసంలో నాలుగు రోజులు జరుగుతుంది. బుధవారం సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు. శనివారం తల్లులు మళ్లీ అడవికి పోతారు.

పూర్వం ఎడ్లబండ్లకు గూడు కట్టుకుని పోయేవారు. బియ్యం, గిన్నెలు, చాపలు అన్నీ బండిలోనే. ఇల్లే చక్రాల మీద నడిచినట్టు ఉండేది. ఇప్పుడు వ్యాను వచ్చింది. మూటలు మాత్రం అవే.

"బస్సుల మనకు టిక్కెట్టు లేదు గదా, వ్యాను ఎందుకు?" అని ఒకామె అడిగింది. నిజమే. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. చేతిలో పైసలు లేకుంటే బస్సే మేలు. కానీ బస్సు మనం కోరిన చోట ఆగదు. వీళ్లకు దారిలో నాలుగు చోట్లు చూడాలని ఉంది.

సంఘం లీడరు పలక మీద రాసింది. వేయిస్తంభాల గుడి. వరంగల్ కోట. రామప్ప గుడి. లక్నవరం చెరువు. అన్నీ చూద్దామన్నారు చిన్నవాళ్లు.

మూలన కూర్చున్న పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది.

"పోయినసారి ఏమైందో మరిచిండ్రా? గురువారం పొద్దున బయలెల్లినం. కనబడ్డ చోటల్లా ఆగినం. పస్రా దగ్గర బండ్లు నిలిచిపాయె. రాత్రంతా వ్యాన్లనే. సమ్మక్క తల్లి గద్దెకొచ్చే యాళ్లకు మనం రోడ్డు మీదున్నం. నాకు డెబ్బై ఏండ్లు. ఇంకోసారి నేనుంటనో లేనో."

ఎవరూ మాట్లాడలేదు. లీడరు పలక తుడిచి మళ్లీ రాసింది. ఈసారి ఊర్ల పేర్ల పక్కన గంటలు కూడా రాసింది. దారిని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతాం. జాతర దారిని గంటల్లోనే కొలవాలి.

మంగళవారం తెల్లవారి 5 గంటలకు బయలుదేరాలి. ఆరున్నరకు హనుమకొండ. అక్కడ వేయిస్తంభాల గుడికి ఒక గంట. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే చోట కట్టించాడు. కోట పెద్దది. తిరగాలంటే పూట పడుతుంది. అందుకని కోటను కొట్టివేశారు.

తొమ్మిదిన్నరకు పాలంపేటలో రామప్ప గుడి. దీన్ని 1213లో రేచర్ల రుద్రుడు అనే సేనాపతి కట్టించాడు. గుడికి మాత్రం చెక్కిన శిల్పి పేరే ఉందని చెబుతారు. గోపురానికి వాడిన ఇటుకలు నీటిలో తేలుతాయి. అంత తేలికైనవి! నల్లరాతిలో చెక్కిన ఆడవాళ్ల బొమ్మలను తల ఎత్తి నిదానంగా చూడాలి. ఒక బొమ్మకు ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడ రెండున్నర గంటలు ఆగాలి. సద్ది అన్నం కూడా ఇక్కడే తినాలి.

"వచ్చేటప్పుడు చూడొచ్చు గదా?" అని ఒక కోడలు అన్నది. జాతరలో పోయే దారి, వచ్చే దారి వేరుగా ఉండవచ్చు. పోలీసులు పంపిన దారినే రావాలి. అందుకే పోయేటప్పుడే చూడాలి.

12 గంటలకు రామప్ప నుంచి కదలాలి. మామూలు రోజుల్లో మేడారానికి రెండు గంటలు చాలు. జాతర రద్దీ కనుక నాలుగు గంటలు వేశారు. పొద్దు ఉండగానే చేరితే జంపన్నవాగు దగ్గర్లో చోటు చూసుకుని గుడారం వేసుకోవచ్చు.

ఒక మాట చెప్పడానికి అందరూ సిగ్గుపడ్డారు. చివరికి పెద్దమ్మే చెప్పింది. దారిలో మరుగుదొడ్డి ఉండదని ఆడవాళ్లు నీళ్లు తాగరు. ఎండకు తల తిరిగి పడిపోతారు. కనుక హనుమకొండ, ములుగు బస్టాండ్ల దగ్గర కూడా వ్యాను ఆపాలని రాసుకున్నారు.

ఆగే చోట్లన్నీ కాగితం మీద రాసి, వ్యాను బాడుగ మాట్లాడేటప్పుడే డ్రైవరుకు చదివి వినిపించారు. దారిలో కొత్త చోటు చెబితే అతను ఎక్కువ అడుగుతాడు. అడగడం న్యాయమే. అతనికి భోజనం, నిద్రకు చోటు కూడా లెక్కలో వేశారు.

లక్నవరం మాట ఇంకా తేలలేదు. రోడ్డు దిగి లోపలికి పోవాలి. చెరువు మీద వేలాడే వంతెన ఉంది. చిన్నవాళ్లకు మనసంతా దాని మీదే ఉంది.

మీరు లెక్క వేయండి

1. వ్యాను ఖర్చు అన్నీ కలిపి 9,600 రూపాయలు అనుకోండి. పన్నెండు మందికి తలా ఎంత పడుతుంది?

2. లక్నవరం చూస్తే మూడు గంటలు ఎక్కువ పడుతుంది. అప్పుడు మేడారం ఎన్ని గంటలకు చేరతారు? అప్పటికి చీకటి పడుతుందా?

3. ఆ పెద్దమ్మ మీ సంఘంలో ఉంటే, మీరు లక్నవరం పోతారా?